పోలిరాజు గట్టు మీద దీపం

మా దీవిలో చౌల్దారీ ఊరు దాటాక పోలిరాజు గట్టుందే... పొద్దు వాలాక అటు పోవద్దంటారు. తెల్లచీర మనిషి దీపం పట్టుకుని నిలబడుతుందట. నువ్వెవరి బిడ్డవని అడుగుతుందట. చెప్పావా, అంతేనట. మా జీపుల స్టాండులో ఒక్కొక్కడూ ఇది చెబుతుంటే చూడాలి, దగ్గరుండి పెళ్ళి జరిపించి వచ్చినట్టు చెబుతాడు.

నేను నమ్మను. ముప్ఫై ఏళ్ళుగా జీపు తోలుతున్నాను, ఏ దెయ్యమూ నన్ను లిఫ్టు అడగలేదు. ఇది మాత్రం లాయిడ్ నోట విన్నది. కొంత కాసులమ్మ చెప్పింది.

లాయిడ్ అంటే కృపావతి టీచరు కొడుకు. అబర్డీన్ బజార్లో రెండు గదుల ఆఫీసు. కొండదారులు నడిచే టూరిస్టుల కోసం ఫోన్లో మాట్లాడే గైడుని తయారుచేశాడు. మనిషి కాదు, ఏఐ. అడిగితే దారి వెతికి చెబుతుంది. వెతకడానికి దానికి రెండు టూల్స్ ఇచ్చాడు. ఒకటి పాత సర్వే పటంలోంచి దారి తీసేది, రెండోది ఇప్పుడు జనం నడుస్తున్న దారి తీసేది. ఏ టూలు దేనికో రాసిపెట్టాలట. ఆ రాసింది చదివే గైడు ఎంచుకుంటుంది. దానికి కళ్ళు లేవు కదా.

మరి మనవాడేం రాశాడు? రెండింటికీ ఒకటే ముక్క. 'కొండదారి చెబుతుంది.' బాబుగారికి అంతకంటే తీరిక లేదు. ఉప్పు డబ్బా మీదా, బట్టల సోడా డబ్బా మీదా 'తెల్లపొడి' అని రాసి వంటింట్లో పెట్టినట్టుంది.

ఇంతలో ఫిర్యాదులు మొదలయ్యాయి. మీ గైడు మమ్మల్ని దెయ్యం దగ్గరికి తీసుకెళ్ళిందని టూరిస్టులు రాస్తున్నారు. లాయిడ్ నవ్వాడు. పల్లెటూరి పుకార్లన్నాడు. నేనే నడిచి చూపిస్తానని బయల్దేరాడు, నా జీపులోనే.

నాలుగున్నరకి దింపాను. "ఐదున్నరకల్లా చీకటి పడిపోద్ది, బాబూ" అన్నాను.

"ఫోనుంది కదా భయ్యా, టెన్షన్ ఎందుకు?" అన్నాడు.

ఫోనుంది, నిజమే.

చెట్ల కింద నడిచాడు. వెలుతురు తగ్గింది... ఇంకా తగ్గింది. ఎడమకి, అంది ఫోను. గట్టు మీద రెండొందల మీటర్లు నేరుగా, అంది. కాళ్ళ కింద నేల మెత్తబడింది. మడచెట్లు రెండు పక్కలా దగ్గరికొచ్చాయి. "నేరుగా" — చీలమండల దాకా నీళ్ళు. "నేరుగా" — మోకాళ్ళ దాకా. ముందర నల్లటి దుంగ ఒకటి తేలుతోంది... కదిలిందా?

అప్పుడు వెనకాల దీపం. తెల్లచీర.

"ఎవరి బిడ్డవి నువ్వు?" గుసగుసగా.

లాయిడ్‌కి గుండె ఆగినంత పనైంది, గిరుక్కున తిరిగాడు. యేసయ్యా అన్నాడట.

"ఆయన్ని తర్వాత పిలుద్దువుగాని. అది దుంగ కాదు... చప్పుడు చెయ్యకుండా వెనక్కి రా."

వచ్చాడు. ఎలా వచ్చాడో వాడికే గుర్తులేదు.

ఆవిడే కాసులమ్మ. ఆవిడ చచ్చి ఇరవై ఏళ్ళయిందని నేనంటానని చూస్తున్నారు కదూ? పోండి. నిన్ననే నాకు పీతలు అమ్మింది, సగం చచ్చినవి. తెల్లచీర కూడా కాదది, వెలిసిపోయిన నైటీ. పోలిరాజు ఆవిడ మొగుడు. ఆ గట్టు వాళ్ళ వరిపొలానిది. సునామీ ఏడు నేల కుంగి పొలమంతా ఉప్పునీళ్ళ పాలైంది, మొసళ్ళు చేరాయి. పాత పటంలో మాత్రం గట్టు చెక్కుచెదరలేదు.

"బోర్డు పెట్టాను. ఫోను చూసుకుంటూ నడిచేవాడు బోర్డు చూస్తాడా?" అంది కాసులమ్మ. ఆ గైడు తను చేసిందేనని, పాత పటానికీ ఇప్పటి దారికీ చెరో టూలు ఉందని, వాటి మీద రాసింది చదివే అది ఎంచుకుంటుందని లాయిడ్ ఒప్పుకున్నాడు. "అయితే దానికి ఏం రాసిపెట్టావురా?"

చెప్పాడు. ఆవిడ వాణ్ణి కిందా మీదా చూసింది.

"మేకని అమ్మేటప్పుడైనా పొడుస్తుందో లేదో చెబుతాం. మొదటిదాని మీద ఇలా రాయి. ఇది సునామీకి ముందటి పటం. అప్పటి పొలాలు మునిగిపోయాయి. ఇది చూసి ఎవరినీ నడిపించకు. నడిచే దారి అడిగితే రెండోది చూడు. అందులో లేకపోతే తెలీదని చెప్పు."

అక్కడే, ఆ దీపం దగ్గరే రాశాడు. నాలుగేళ్ళు ఇంజనీరింగు చదివిన బాబుకి, సంతకం తప్ప రాయడం రాని మనిషి చెప్పిపెట్టింది. మళ్ళీ దారి అడిగితే, "ఆ గట్టు మీద నడిచే దారి లేదు" అంది గైడు, బుద్ధిగా.

లాయిడ్‌కి నవ్వొచ్చింది. దెయ్యం తేలిపోయింది కదా. "ఇలా ఎంతమందిని వెనక్కి పిలిచావు, మామ్మా?"

"ఈ నెల్లో నీతో పదకొండు మంది. పొద్దు వాలేవేళ ఇక్కడే ఉంటాను. పోయిన మంగళవారం ఒక్కరోజే లేను. కూతురు ఓడెక్కుతుంటే ఫీనిక్స్ బే రేవుకి వెళ్ళాను."

ఈ నెల్లో గైడు ఆ గట్టుదారి ఎందరికి చెప్పిందో లాయిడ్ ఫోన్లో తీసి చూశాడు. తనతో కలిపి... పన్నెండు మంది.

మళ్ళీ లెక్కపెట్టాడు. పన్నెండే.

ఒకటి మంగళవారంది. సాయంత్రం ఐదూ ఇరవై. ఎవరో అడిగారు — 'నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. ఇదే దారా?'

'ఇదే. నేరుగా వెళ్ళండి.'

ఆ తర్వాత ఆ ఫోను మళ్ళీ ఏమీ అడగలేదు.