మేష్టారి తొట్టి చుట్టూ గులకరాళ్ళు

ఆ ఉదయం డిటెక్టివుగారి ముందుగదిలోకి వచ్చిన పెద్దావిడ, కుర్చీ చూపించినా కూర్చోలేదు. చేతిసంచీ గుండెకి హత్తుకుని, గుమ్మంవైపు ఒకసారి వెనక్కి చూసి, "మా మేష్టారిని ఎవరో ఏదో చెయ్యబోతున్నారండీ. రేపే ఆయన పుట్టినరోజు," అంది.

ఆ గదిలో సగం డిటెక్టివుగారి బల్లది, సగం ఆయన భార్య కుట్టుమిషనుది. రెండింటికీ మధ్య స్టూలు మీద ఆయన తోడల్లుడు కూర్చునేవాడు. కొట్టు వ్యాపారం తమ్ముళ్ళ మీద వదిలేసి, ఈయన వెంట కేసుల్లో తిరగడమే పనిగా పెట్టుకున్న మనిషి. "మీరు మా బావగారికి తోకండీ," అని ఇంట్లో భార్య వెక్కిరిస్తే, "తోకైతేనేం, మంచి గుర్రానికే," అనేవాడు. పొద్దున్నే దణ్ణం పెట్టుకునేటప్పుడు దేవుడి తర్వాత అతను తలుచుకునేది డిటెక్టివుగారినే.

"మేష్టారి వయసెంతమ్మా?" అన్నారు డిటెక్టివుగారు.

"రేపటికి ఇరవయ్యెనిమిది."

"చిన్నవారే. ఏ బళ్ళో చెబుతారు?"

"మా స్వారీబళ్ళో. ఆయన గుర్రమండీ."

తోడల్లుడికి నవ్వొచ్చింది గానీ, ఆవిడ మొహం చూసి మింగేశాడు.

భర్త పెట్టిన గుర్రపుస్వారీ బడిని, ఆయన పోయాక ఆవిడే నడుపుతోంది. ఆ ఊళ్ళో గుర్రమెక్కడం వచ్చినవాళ్ళందరూ మేష్టారి వీపు మీదే నేర్చుకున్నారు. పిల్లవాడు జారిపడితే, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి, వాడు లేచి పక్కకి వెళ్ళేదాకా దించేవారు కారట. అందుకే ఊరంతా ఆయన్ని మీరు అంటుంది. పాఠాలు మాన్పించి రెండేళ్ళయింది. అయినా ఏటా పుట్టినరోజు మాత్రం మానలేదు.

కొన్నాళ్ళుగా బళ్ళో వింతలు జరుగుతున్నాయని ఆవిడ చెప్పుకొచ్చింది. మొదట ఎవరో ఆయన నీళ్ళతొట్టి చుట్టూ గులకరాళ్ళు పోశారు. ఊడ్పిస్తే, మర్నాటికి మళ్ళీ పోశారు. తర్వాత ఆయన కొట్టం గుమ్మానికి రెండువైపులా పాత కంబళి ముక్కలు చుట్టి ఉన్నాయి. ఆ తర్వాత, ఆయనతోపాటు కొట్టంలో ఉండే మేక మెడలో ఒక గంట కనిపించింది. అది ఆవిడ ఇంటి వీధితలుపుకి లోపలివైపు వేలాడే గంట. తలుపు కదిలితే చాలు, మోగుతుంది. పోయినప్పుడు మాత్రం చప్పుడే కాలేదు. నిన్న, పుట్టినరోజు కోసం ఆవరణ మధ్యలో కట్టిన వెదురు ద్వారం తాళ్ళు కోసి ఎవరో పడగొట్టారు.

"గంట పోయినప్పుడు దొంగ నాకోసం వచ్చాడనుకున్నాను. ద్వారం పడ్డాక తెలిసింది, వాడి కన్ను మేష్టారి మీద ఉందని. రేపు నా మనవరాలు మొదటిసారి ఆయన మీదెక్కి ఆ ద్వారంలోంచి రావాలి. ఇద్దరిలో ఎవరికేమైనా నేను బతకలేను," అంది ఆవిడ.

*

బడి ఆవరణలో రంగుకాగితాలు కత్తిరిస్తున్నారు. పడిపోయిన ద్వారాన్ని ఇద్దరు మనుషులు మళ్ళీ నిలబెడుతున్నారు. గుర్రాల్ని చూసుకునే సైసు ఒక మూల గడ్డిమోపు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. పెద్దావిడ కూతురు, ఇప్పుడు పాఠాలు చెప్పే ఆవిడే, అతణ్ణి సాయంత్రంలోగా నిజం చెప్పమంది. లేకపోతే మూట సర్దుకోమంది. కొట్టాల పక్కనే పడుకునేవాడికి తెలియకుండా ఇన్ని పనులు ఎలా జరుగుతాయని ఆమె వాదన.

"నేను పడుకుంటే పిడుగు పడ్డా లేవను బాబూ. అది తప్పే," అన్నాడు సైసు. "ఇది మనుషుల పని కాదేమోనని నా భయం." పెద్దింటి గడప తానెప్పుడూ తొక్కలేదనీ, జీతమైనా అమ్మగారు ఇక్కడికే తెచ్చి ఇస్తారనీ చెప్పాడు.

మేష్టారి పక్క కొట్టం ఖాళీగా ఉంది. అందులో ఒకప్పుడు నల్లగుర్రం ఉండేదట. దానికి చూపు పోయింది. ఒకరోజు అయ్యగారి తమ్ముణ్ణి కింద పడేసింది. ఆయన కాలు విరిగింది. అయ్యగారు ఆ సాయంత్రమే పశువుల డాక్టర్ని పిలిపించి, సూది వేయించి దాన్ని చంపించేశారు. చూపులేని గుర్రం ఈ కప్పు కింద ఉండకూడదని ఆ రోజే మాట పెట్టారు. అమ్మగారు ఆ మాట దేవుడి మాటలా నిలబెడుతున్నారు.

అంతలో గేటు దగ్గర్నించే ఒక గొంతు లేచింది.

"ఏం మేష్టారూ, ఇంకా ఉన్నారా? తిండి దండగ. పుట్టినరోజొకటి మళ్ళీ."

కుంటుకుంటూ వస్తున్న ఆ మనిషి పెద్దావిడ మరిది, ఆవిడ ఇంట్లోనే ఉంటాడు. కొట్టం ముందు నిలబడ్డ మేష్టారు ఒక చెవి అటు తిప్పి, తల కాస్త దించారు. గేటునుంచి సగం దూరం తిట్టుకుంటూ వచ్చినవాడు, తీరా దగ్గరికి వచ్చాక నోరెత్తలేదు. మేకకి జేబులోంచి ఏదో పడేసి, గుర్రం మెడని రాసుకుంటూ పక్కనించి వెళ్ళబోయాడు. డిటెక్టివుగారు ఆపారు.

"మీకు మేష్టారంటే పడదట?"

"గుర్రమంటేనే పడదు. కాలు చూశారుగా."

"పుట్టినరోజు వద్దన్నారట?"

"అన్నాను. బ్యాండంట, కాగితంపూలంట, ద్వారమంట. ముసలిప్రాణాన్ని దాని దారిన ఉండనివ్వరు."

"మరి ఏం చేస్తే బాగుంటుంది?"

"ఏమీ చెయ్యకపోతే. ఎక్కడివక్కడ ఉంచితే అదే పదివేలు."

తోడల్లుడు డిటెక్టివుగారిని పక్కకి లాగి గుసగుసగా, "దొరికాడన్నయ్యగారూ. పాత పగ," అన్నాడు.

కూతురు చురుకైన మనిషి, మాటకి మాట తయారుగా ఉంచుకుంటుంది. బాబాయి నోరే చెడ్డది గానీ చెయ్యి చెడ్డది కాదని ఆయన్ని వెనకేసుకొచ్చింది. మేష్టారి గురించి అడిగితే నవ్వింది. ఈ మధ్య ఆయనకి పంతాలెక్కువయ్యాయట. మేక ముందు కదిలితేగాని కొట్టంలోంచి కదలరట. బకెట్టు చోటు మారిస్తే అలిగి నిలబడిపోతారట. "మా తాతయ్య కూడా చివర్లో అంతే," అంది.

డిటెక్టివుగారు తొట్టివైపు నడుస్తూ కళ్ళజోడు తీసి తుడుచుకోసాగారు. అది లేకపోతే ఆయనకి ఎదుట మనిషికీ స్తంభానికీ తేడా తెలియదు. చెప్పు కింద గులకరాళ్ళు కరకరమన్నాయి. ఆయన టక్కున ఆగారు. చెయ్యి చాస్తే వేళ్ళకి తొట్టి అంచు తగిలింది. కళ్ళజోడు పెట్టుకోకుండానే కాసేపు అలా నిలబడిపోయారు. తర్వాత మేష్టారి దగ్గరికి వెళ్ళి, మడిచిన కళ్ళజోడుని చప్పుడు లేకుండా ఆయన కంటి ముందుకి, రెప్పకి తగిలేంత దగ్గరగా తీసుకెళ్ళారు. మేష్టారు కదల్లేదు.

"మేష్టారికి జోడు కుదురుతుందా అన్నయ్యగారూ?" అన్నాడు తోడల్లుడు, సరదాకి.

"లేదు తమ్ముడూ," అన్నారాయన, సరదాగా కాదు. "ఇంటివాళ్ళందర్నీ జీనుల గదికి రమ్మను. సైసుని కూడా."

*

జీనుల గదిలో తోలు, నూనె వాసన. గోడకి కళ్ళేలు వరసగా వేలాడుతున్నాయి. అమ్మగారు ఒక పెట్టె మీద, కూతురు గుమ్మానికి ఆనుకుని, మరిది కుంటికాలు చాపుకుని బల్ల మీద ఉన్నారు. కూర్చోమని ఎవరన్నా సైసు కూర్చోలేదు.

డిటెక్టివుగారు నెమ్మదిగా మొదలుపెట్టారు. ఈ నాలుగు పనులూ ఒక్కరివేనని, నాలుగింటికీ ఉద్దేశం ఒక్కటేనని అన్నారు. "పగవాడి పనైతే మేష్టారికి ఎక్కడో ఒకచోట నొప్పి కలగాలి. గులకరాళ్ళు నున్నటివి. కంబళి మెత్తటిది. గంట మేక మెడలో ఉంది. నాకు వింతగా తోచింది ఇదే. ఈ దొంగ చేసిందంతా ఉపకారమే."

"ద్వారం పడగొట్టడం ఉపకారమా?" అంది కూతురు.

"అన్నిటికన్నా పెద్ద ఉపకారం అదేనమ్మా. ఇందాక నేను కళ్ళజోడు తీసి నడిచాను. తొట్టి నాకు కనపడలేదు. కాలికింద రాళ్ళు తగిలాయి, తొట్టి వచ్చిందని తెలిసింది. గుమ్మానికి ఒళ్ళు తగిలినా కంబళి కాబట్టి గీరుకోదు. మేక ఎటు పోతోందో గంట చెబుతుంది. ఇవన్నీ ఎవరికి కావాలి? బకెట్టు చోటు మారితే నిలబడిపోయేది అలక కాదు. కంటి ముందు జోడు పెట్టినా రెప్ప పడలేదు." ఆయన అమ్మగారివైపు తిరిగారు. "మేష్టారికి చూపు లేదమ్మా."

కూతురు, నమ్మలేనట్టు, ఇవాళ పొద్దున కూడా ఆయన ఆవరణంతా తిరిగారనీ, ఎక్కడా తడబడలేదనీ అంది.

"ఎందుకు తడబడతారు? ఇన్నేళ్ళు నడిచిన నేల. చూసి నడవడం మనందరం చేస్తాం. ఆయన తెలిసి నడుస్తున్నారు. మీ కళ్ళముందే చీకట్లో తిరుగుతూ మీకెవరికీ తెలియనివ్వలేదంటే, ఆయన మేష్టారే. కానీ రేపు ఎన్నడూ లేని చోట ద్వారం, చెవుల్లో బ్యాండు, వీపు మీద పసిపిల్ల."

అమ్మగారు పెట్టె అంచు గట్టిగా పట్టుకుంది.

తోడల్లుడు ఉండబట్టలేక, మరి చేసిందెవరని అడిగాడు.

"గంట చెప్పింది. లోపలివైపు వేలాడేదాన్ని చప్పుడు లేకుండా తియ్యాలంటే, తలుపు మూసి ఉండగా, ఇంట్లోనే నిలబడి, నాలుక పిడికిట్లో పట్టుకుని విప్పాలి. సైసు ఆ గడప తొక్కడు. ఇంట్లో పసిపిల్ల కాక ముగ్గురు. అమ్మగారు నా దగ్గరికి వచ్చారు. అమ్మాయిగారు ద్వారం కట్టించారు. ఇంక మిగిలిన ఆయన గేటునించే తిడుతూ వస్తారు, దగ్గరికొచ్చాక నోరు మూస్తారు. తిట్టాలనుకున్నవాడు దగ్గరికొచ్చి తిడతాడు తమ్ముడూ. ఈయన తిట్టేది, తను వస్తున్నట్టు ముందే చెప్పడానికి. గుర్రం బెదరకుండా."

మరిది తలెత్తలేదు. "వానలు మొదలైనప్పటి నుంచీ," అన్నాడు. "ముందు కుడికన్ను. తర్వాత రెండోదీ."

కూతురు సైసు దగ్గరికి వెళ్ళి, తప్పు నాదే, మూట విప్పు, అంది. అతను ఏడవడమా నవ్వడమా తెలియక రెండూ చేశాడు.

అమ్మగారు మాత్రం మరిదినే చూస్తోంది. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేదానివి వదినా? అన్నయ్య మాట నువ్వు దాటవు." కుంటికాలు వెనక్కి లాక్కున్నాడు. "ఆ నల్లదాని తప్పు లేదు. ఎవరో దాని దారిలో బండిచక్రం ఆనించారు. దానికి కాలు తట్టుకుంది, నేను పడ్డాను. మంచం మీంచి లేవలేక, వద్దు వద్దని అరుస్తూనే ఉన్నాను. నొప్పికి అరుస్తున్నాననుకున్నారు."

ఆవిడ లేచింది. ద్వారం తీసేయమనీ, బ్యాండువాళ్ళకి రావద్దని కబురు చెయ్యమనీ కూతురితో చెప్పింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "నాకు చెప్పకుండా దాచావని కాదు నా కోపం. చెబితే మేష్టారిని చంపించేస్తానని అనుకున్నావు చూడు, అదీ," అని, ఇంకేమీ తేల్చకుండా వెళ్ళిపోయింది.

ఆ మాటలో అభయం ఉందో లేదో తోడల్లుడికి అర్థం కాలేదు. దారిలో డిటెక్టివుగారిని అడిగితే, "నేను తేల్చగలిగింది తేల్చాను. మిగతాది ఆవిడకీ, పోయిన ఆయనకీ మధ్య," అన్నారు. మంచివాళ్ళు పెట్టిన మాట కూడా ఒక్కోసారి ఇంత బరువెందుకవుతుందో ఆ దేవుణ్ణే అడగాలనుకున్నాడు తోడల్లుడు.

*

మర్నాడు ఆవరణ చుట్టూ కంచె పొడుగునా జనం. పెళ్ళయి పిల్లలున్నవాళ్ళు, జుట్టు నెరిసినవాళ్ళు, ఒకప్పుడు ఆ వీపు మీంచి జారిపడ్డవాళ్ళు. చప్పట్లు కొట్టొద్దని చెప్పారు. అంతమంది ఒక్కచోట ఊపిరి బిగబట్టి నిలబడటం తోడల్లుడు ఎన్నడూ చూడలేదు.

మేష్టారు బయటికి వచ్చారు. తెల్లటి ఒళ్ళు తోమి మెరుస్తోంది. వీపు మీద ఎవరూ లేరు, కళ్ళెం లేదు. మెడ నిలువుగా ఎత్తి, కంచె వెంట, మలుపు దగ్గర మలుపు తీసుకుంటూ, పరేడుకి వెళ్ళే సైనికుడిలా ఒక చుట్టు తిరిగారు. ఆయన్ని చూస్తుంటే చూపున్నవాళ్ళకి సిగ్గేసింది. కంచె దగ్గర ఒక పెద్దమనిషి టోపీ తీశాడు. పక్కవాళ్ళూ తీశారు.

చుట్టు పూర్తయి ఆయన ఆగిన చోటికి అమ్మగారు మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. మరిది దూరంగా గోడ వార నిలబడ్డాడు. ఆవిడ అతణ్ణి దగ్గరికి పిలిచి, పళ్ళెంలోని క్యారెట్ ఒకటి అతని చేతిలో పెట్టింది.

"ఏటా నేనే కదా ముందు పెట్టేది. ఇవాళ నువ్వు పెట్టు."

అతను క్యారెట్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "మరి అన్నయ్య మాట వదినా?"

"ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయన మాట నేను విన్నాను," అంది ఆవిడ. "ఇకనుంచి నా మాట ఆయన వింటారు. పెట్టు, మేష్టారు చూస్తున్నారు."