సవతి బిళ్ళ

ప్రొద్దుటూరు మగ్గాల వీధిలో కృష్ణవేణమ్మ జబ్బు సంగతి తెలియనివాళ్ళు లేరు. మూడేండ్లుగా చలిజ్వరం వచ్చి పోతా ఉంది. ప్లీహం వాచి కడుపులో బల్ల పెరిగింది. బిందెడు నీళ్ళు రెండు సార్లుగా తెచ్చుకునేది. సంగటి గెలికితే మధ్యలో గోడకు ఆనుకునేది. జమ్మలమడుగు ఆసుపత్రిలో మందిచ్చి, పని మానుకోమన్నారు. మానుకుంటే మగ్గానికి నూలు కండెలు ఎవరు చుట్టాలి?

"పొద్దుగూకేలోగా ముప్పై కండెలు కావల్ల," అన్నాడు మొగుడు మల్లికార్జున, అంగడికి పోతూ. "చేతగాకుంటే పెద్దముడియం పో. మీ అమ్మ కాడ పండుకో."

అమ్మ చచ్చి ఆరేండ్లు. కృష్ణవేణమ్మకు ఇంకో గడప లేదు.

మగ్గం గదిలో మధ్యాహ్నం కూడా చీకటే. పులిసిన గంజి వాసన. రాట్నం తిప్పితే నాలుగు కండెలకే కండ్లు తిరిగాయి. మెడలో సవతి బిళ్ళ తాడు చెమటకు కోసుకుపోతా ఉంది. మల్లికార్జున మొదటి పెండ్లాం సుగుణమ్మ చచ్చిపోయింది. రెండోదిగా వచ్చినామె, పోయినామె పేరు మీద వెండి బిళ్ళ మెడలో వేసుకోవాలి. అది మెడలో ఉన్నంతకాలం పోయినామె ఊరుకుంటుందని పెద్దలు కట్టిన బిళ్ళ. తీయకూడదు.

కృష్ణవేణమ్మ తీసి రాట్నం మేకుకు తగిలించింది.

"అక్కా, నా చేత కాలేదు. ఈ రోజుకు నువ్వు చుట్టు," అని చాప మీద ఒరిగింది.

లేచేసరికి ముప్పై కండెలూ చుట్టి ఉన్నాయి.

బిళ్ళ తీసి మెడలో వేసుకోబోయింది. కానీ రేపు మళ్ళీ ముప్పై కావాలి కదా. బిళ్ళను మేకుకే ఉంచేసింది. నాలుగు రోజులు అట్లే జరిగింది. మల్లికార్జున మల్లెపూలు కూడా తెచ్చాడు.

అయిదో రోజు పక్కింటి అజ్మత్ బీ గోడ మీంచి తొంగి చూసింది. "ఏం వేణక్కా, పొగరెక్కిందా? ఇందాక కిటికీ కాడ నిలబడి పిలిస్తే తలెత్తకపోతివి! అయినా ఎడం చేత్తో రాట్నం తిప్పేది ఎప్పుడు నేర్చుకుంటివి?"

"నేను... పండుకోనుంటినే."

"మీ ఇంట్లో ఇంకెవురుండారు మల్ల!" అని నవ్వి పోయింది.

కృష్ణవేణమ్మ గోడ పట్టుకుని లోపలికి నడిచింది. బిళ్ళ మెడలో వేసుకోవాలి. ఇప్పుడే.

మేకుకు బిళ్ళ లేదు.

కింద వెతకబోయి చాప మీద కూలింది. తడి మట్టి వాసన... రాట్నం కిర్రుమంది... ఎవరో కూర్చున్నారు. కట్టుకున్న చీర కృష్ణవేణమ్మదే.

"పండుకో," చెవి పక్కనే గుసగుస. "శానా అలిసినావు."

అరవబోయింది. నోరు పెగల్లేదు. చెయ్యి లేవలేదు.

తలుపు తెరుచుకుంది. మల్లికార్జున లోపలికి వచ్చాడు. ఆమె చేతి మీద కాలు వేసి నడిచాడు. నొప్పి లేదు... అతను కిందికి చూడను కూడా లేదు.

"మెడలో బిళ్ళ కొత్తగా మెరుస్తాంది. ఎవురిది?" అని రాట్నం వైపు చూసి అడిగాడు.

జవాబు కృష్ణవేణమ్మ గొంతుతోనే వచ్చింది.

"చెల్లెలిది."