ఆదోని టు ఎమ్మిగనూరు: ఇరవై ఆరు నిమిషాలు

"ఫ్లైట్ టైమ్ ఎంత?" వైర్‌లెస్‌లో చీఫ్‌ని అడిగాడు ఏజెంట్ మధ్వేశ్.

"ప్లేటుకు రెండు నిమిషాలు సార్," అన్నాడు కిటికీ బయట బొరుగుల ఉగ్గాని అమ్మే బండి ఓబన్న.

ఎమ్మిగనూరులో ఉన్న చీఫ్ భీమసేనరావు చెవిన పడింది ఆ రెండు నిమిషాలే; అదే ఫ్లైట్ టైమనుకున్నాడు. మరుక్షణం ఎమ్మిగనూరు మైదానంలో డిపార్ట్‌మెంట్ మైకు అరిచింది. విత్తనాల మీటింగుకొచ్చిన మూడు వందల మంది ఆడకూలీలు చెల్లాచెదురయ్యారు. రెండు నిమిషాలు గడిచాయి. ఏమీ రాలేదు. "ఊరికే బెదిరిస్తాండారు" అనుకుని మళ్లీ వచ్చి కూర్చున్నారు. ఈసారి మైకు పదకొండున్నరకని ఎంత మొత్తుకున్నా కదల్లేదు.

వచ్చేది మాత్రం వస్తోంది. ఆదోనిలో మధ్వేశ్ ఉన్న ఈ పాత పత్తి జిన్నింగ్ మిల్లు మిద్దె మీంచి 11.04కి లేచిన డ్రోన్. కడుపులో బాంబు. టార్గెట్, ఆ మీటింగు వేదిక మీదున్న, కొత్త పత్తి వంగడం కనిపెట్టిన శాస్త్రవేత్త పల్లవి.

ఎగరేసింది అక్షత. డిపార్ట్‌మెంటులో జీతం, విదేశీ ముఠాకు గీతం. ఇప్పుడు మధ్వేశ్ ఎదుట కూర్చుంది, చేతులకు బేడీలు, పెదాల మీద నవ్వు. ఆమె గాగుల్స్, ఫోను, లిప్‌స్టిక్ బల్ల మీద ఉన్నాయి.

"గాల్లో దూరం ఇరవై ఆరు కిలోమీటర్లు," వైర్‌లెస్‌లో అన్నాడు చీఫ్. "డ్రోన్ స్పీడు అరవై. 11.30కి చేరుతుంది."

"నా ప్రాణానికి హామీ రాసివ్వండి," అంది అక్షత. "11.25కి రిటర్న్ కోడ్ చెప్తాను."

చీఫ్ హామీ పత్రం టైపు చేయించసాగాడు. పత్తి దళారి వేషంలో ఉన్న మధ్వేశ్ తలపాగా తీసి చెమట తుడుచుకున్నాడు.

11.19. ఓబన్న ప్లేటుతో లోపలికొచ్చాడు.

"ఎమ్మిగనూరికి ఏం పోతాంది సార్? నా ఆడామె సుగుణమ్మ ఆ మీటింగులోనే ఉంది."

మధ్వేశ్ దాచలేదు. "బాంబు. 11.30కి."

ఓబన్న ప్లేటు బల్ల మీద పెట్టేశాడు. "పదకొండున్నరా? ఈ ఆషాఢం గాలికా? ఎమ్మిగనూరికి పోయేటప్పుడు నా మోపెడ్ దానంతటదే ఉరుకుతాది సార్. తిరిగొచ్చేటప్పుడే పెట్రోలు తాగుతాది. గాలి ఈడ్నుంచి ఆడికే తోస్తాంది గదా."

మధ్వేశ్ కిటికీలోంచి చూశాడు. ఆవరణలో మిగిలిన దూది అంతా ఈశాన్యానికే పరుగు. అరవైకి గాలి ముప్పై కలిస్తే తొంభై. పదిహేడు నిమిషాల చిల్లర.

అంటే 11.21.

"నువ్వడిగింది హామీ కాదు," అన్నాడు. "టైము."

అక్షత నవ్వు ఆరిపోయింది. చూపు ఒక్క క్షణం లిప్‌స్టిక్ మీద వాలింది. ఆ క్షణం చాలు. మూత పీకాడు మధ్వేశ్. లోపల రంగు లేదు, 'రిటర్న్' అని రాసిన బటన్ ఉంది. నొక్కాడు.

11.21. ఓబన్న కళ్లు మూసుకున్నాడు.

"వేదిక మీదికొచ్చింది," వైర్‌లెస్‌లో అరిచాడు చీఫ్. "ఆగింది... తిరిగింది."

పోయేటప్పుడు తోసిన గాలే వచ్చేటప్పుడు అడ్డం తిరిగింది. ఆరు కిలోమీటర్లు వచ్చేసరికి బ్యాటరీ అయిపోయి, డ్రోన్ ఓ బీడు పొలంలో పడి పేలింది. చుట్టుపక్కల మనిషి లేడు.

మధ్యాహ్నం మైదానంలో సుగుణమ్మ నడుం మీద చెయ్యేసి నిలదీసింది. "ఏమప్పా, ఒకతూరి రెండు నిమిషాలంటిరి, ఒకతూరి పదకొండున్నరంటిరి. అది పదిహేడు నిమిషాలకే నెత్తిమీదికొచ్చె. యాడి లెక్క ఇది?"

మధ్వేశ్ మైకు తీసుకుని మూడు వందల మందికీ వివరించాడు. ఇరవై ఆరు చీఫ్ క్యాలిక్యులేటర్‌ది, పదిహేడు గాలిది, రెండు నిమిషాలు ఓబన్న ఉగ్గాని ప్లేటుది.

సుగుణమ్మ మొగుడి వైపు చూసింది.

"ఈయప్ప రెండు నిమిషాలంటే మీరు నమ్మితిరా సార్? ఆ ప్లేటుకూ పదిహేడే."