అనాసపువ్వు డబ్బా

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఏమిటంటే, ఒకరోజు ఎవరో తలుపు కొట్టి, "నీకు పిల్లని పెంచడం చేతకాదు" అని మా అంతీయాని ఎత్తుకుపోతారని.

పదిహేనేళ్ళకు బడి మానేశాను. ఇరవై ఒకటికి తల్లినయ్యాను. దాని నాన్న విగో రేవులో పని దొరికిందని వెళ్ళాడు. పని సంగతి తెలియదు కానీ, ఫోన్ నంబరు మాత్రం మారిపోయింది. అప్పటినుంచి తెల్లకోటు కనబడితే చాలు, నాకు గుండెదడ.

సెప్టెంబరులో ఒక పొద్దున రెండు నెలల అంతీయా వాంతులు చేసుకుంది. చేతులూ కాళ్ళూ ఉలికిపడుతున్నాయి. కళ్ళు అటూ ఇటూ ఊగుతున్నాయి. వానలో టాక్సీ పట్టుకుని మా లూగో ఊరి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి పరిగెత్తాను. డాక్టరమ్మ దాన్ని లోపలికి తీసుకెళ్ళింది. నా దగ్గరికి మాత్రం ఒక పొడుగాటి మనిషి నోట్‌బుక్ పట్టుకుని వచ్చాడు.

"నా పేరు బ్రాయిస్. ఇక్కడ ఫార్మసిస్టుని."

"మందుల గది కింద కదా ఉంది? ఇక్కడ మీకేం పని?"

"అందరూ అదే అడుగుతారు. లోపల కొత్త మందు ఏది ఇవ్వాలన్నా, ముందు కడుపులో ఏం పడిందో తెలియాలి. నిన్నటినుంచి పాప నోట్లోకి ఏమేం వెళ్ళాయి?"

"పాలు. టీకా వేశారు కదా, జ్వరం మందు."

"చెంచాతో పట్టారా, సిరంజితోనా?"

"సిరంజితోనే! నన్ను చూస్తే చెంచాతో పోసేదానిలా ఉన్నానా?"

"లేదు. కరిచేలా ఉన్నారు."

నవ్వలేదు నేను. అతను రాస్తూనే ఉన్నాడు.

"నా పేరు రాస్తున్నారా?"

"మందు పేరు."

"ఏదీ, చూపించండి."

నోట్‌బుక్, పెన్ను రెండూ నా చేతిలో పెట్టేశాడు. "మీరే రాయండి."

రాశాను. ఏ పూట, ఎన్ని గంటలకు, ఎంత, అన్నీ. మా కింది అంతస్తు ఒతీలియా మామ్మకు వారం మాత్రల డబ్బా ప్రతి ఆదివారం నింపేది నేనే. ఆ మాత్రం లెక్క నాకొచ్చు.

"ఇంత శుభ్రంగా మా డాక్టర్లు కూడా రాయరు," అన్నాడు.

పొగిడాడంటే ఏదో లాగబోతున్నాడన్నమాట.

"ఒక్కటి మిగిలిపోయింది. కడుపునొప్పితో ఏడ్చినప్పుడు ఏం పట్టారు?"

నిన్న మూడుసార్లు మామ్మ అనాసపువ్వు కాచి పాలసీసాలో పోసి ఇచ్చింది. నేనే పట్టాను. చెప్తే రాస్తారు. రాస్తే తలుపు కొడతారు.

"ఏమీ పట్టలేదు."

అతను నోట్‌బుక్ మూసి జేబులో పెట్టుకుని, నా కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"చూడండి, మూసేశాను. పిల్ల ఏడిస్తే ఏదో ఒకటి కాచి పట్టని ఇల్లు ఈ లూగోలో నేనింకా చూడలేదు. మా అమ్మమ్మ నాకూ పట్టింది. లోపల పాప వెన్నులో సూది గుచ్చాలా వద్దా అని చూస్తున్నారు. మీరు చెప్పాల్సింది అంతకంటే ముందే నాకు తెలియాలి."

"అనాసపువ్వు," అన్నాను.

రబ్బరు చెప్పులతో అంత వేగంగా పరిగెత్తే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

సూది గుచ్చలేదు. అచ్చం అనాసపువ్వులాగే ఉండే ఇంకో కాయ ఉంటుందట, అది కలిస్తే పసిపిల్లలకు విషమట. కాయలు కొన్ని పరీక్షకు కావాలంటే, మామ్మ డబ్బాని అలాగే తెచ్చిచ్చాను. మర్నాడు మధ్యాహ్నానికి అంతీయా నా వేలు గట్టిగా పట్టుకుంది. ఇంటికి వస్తూ మెట్లమీద మామ్మ కనబడగానే, వీధంతా వినబడేలా అరిచాను. "నా పిల్లని చంపబోయావు!" మామ్మ తలుపు వేసుకుంది.

ఇక నేను తలుపు చప్పుడు కోసం కాచుకున్నాను. తొమ్మిదో రోజు అయింది ఆ చప్పుడు.

గొలుసు తీయకుండా సందులోంచి చూశాను. బ్రాయిస్! తడిసిన గొడుగు, చేతిలో ఖాళీ చేసిన మామ్మ అనాసపువ్వు డబ్బా.

"ఎవరు పంపారు మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదు. పంపి ఉంటే మొదటి రోజే వచ్చేవాణ్ణి."

"ఫైలు ఎక్కడ దాచారు?"

"గొడుగొక్కటే ఉంది. దులపమంటారా?"

"డబ్బా పోస్టులో పంపొచ్చుగా?"

"పంపొచ్చు. కానీ పోస్టు మీతో కాఫీ తాగదు."

గొలుసు తీశాను. కాఫీ ఇచ్చాను కానీ, అతను వంటింటి అలమర వంక చూసినప్పుడల్లా నేను అతని వంక చూశాను. నాలుగోసారికి అర్థమైంది. అతను చూస్తున్నది అలమరని కాదు, దాని అద్దంలో నన్ను.

అక్టోబరులో సాన్ ఫ్రోయిలాన్ తిరునాళ్ళకు వెళ్ళాం. చెక్క పళ్ళెంలో ఆక్టోపస్ ముక్కలు, అతని గుండెల మీద గుడ్డ ఊయలలో నిద్రపోతున్న అంతీయా.

"సబేలా, నువ్వంటే నాకు ఇష్టం."

"రోజుకెన్నిసార్లు?"

"ఆపితే ఒట్టు."

"మరి సైడ్ ఎఫెక్టులు?"

"నిద్ర పట్టదు. అలమరల వంక చూస్తుంటాను."

నవ్వేశాను. అయినా అతని మొహంలో ఏదో మిగిలినట్టుంది. నా అనుమానం ఊరుకుంటుందా?

"నువ్వు ఒకటి చెప్పలేదు."

"అవును. నువ్వు నింపేదాన్నని చెప్పిన ఒతీలియా గారి మాత్రల డబ్బా ఇప్పుడు ఎవరు నింపుతున్నారు?"

చేతిలో ముక్క పళ్ళెంలో పెట్టేశాను. ఎవరూ నింపడం లేదు. మూడు ఆదివారాలు. గుండె మాత్రలు.

తిరునాళ్ళనుంచి నేరుగా వెళ్ళి మామ్మ తలుపు కొట్టాను. "వెళ్ళమ్మా," అంది లోపలినుంచి. "నీ పిల్ల మీద నా నీడ పడకూడదు." బ్రాయిస్ కొడితే, "ఆసుపత్రి వాళ్ళా? నన్ను వృద్ధాశ్రమంలో పడేయడానికి వచ్చారా?" అంది. ఆవిడదీ నా భయమే. ఆ రోజు సీసా పట్టింది నేనే కదా, అరుపు మాత్రం ఆవిడ మీద పడింది.

పెళ్ళి చేసుకుందామా అని అడిగిన బ్రాయిస్‌కి అవుననే చెప్పాను. పెళ్ళిలో మొదటి వరుసలో ఒక కుర్చీ అట్టేపెట్టాం, అది మామ్మది. అందాకా ప్రతి ఆదివారం మాత్రల డబ్బా నింపి ఆవిడ గుమ్మంలో పెడుతున్నాను. లోపలికైతే తీసుకుంటోంది. వేసుకుంటోందో లేదో తెలియదు. నా అడుగుల చప్పుడు, అతని గొంతు ఆవిడకు తెలుసు. మేము కొడితే తీయదు.

ఇది చదివేవాళ్ళలో లూగోవాళ్ళు ఎవరైనా ఉంటే, నీళ్ళవీధి పదకొండో నంబరు, రెండో అంతస్తు. మెల్లగా తలుపు కొట్టండి. ఉప్పు కావాలనో, ఏదో ఒకటి చెప్పండి. తీస్తే, కిటికీ పక్క బల్ల మీద మాత్రల డబ్బా ఉంటుంది. నిన్నటి గడి ఖాళీగా ఉందో లేదో ఒక్కసారి చూసి, పైకి వచ్చి నాకు చెప్పండి. మీరు కొడితే తలుపు వెంటనే తీస్తాను.