గేటు మీద నాలుగు టేపు ముక్కలు

పదమూడో తేదీ ఉదయం ఆరూ నలభై. మూడో అంతస్తులో పెద్దావిడ మంచం మీదే చనిపోయి ఉంది. ఊరంతా పాకుతున్న జ్వరమే.

ఏడున్నరకు గేటు బయట జనం దెబ్బలకు రొట్టెలవాడి కుడిచెయ్యి విరిగింది.

ఎనిమిదికి ఇన్‌స్పెక్టర్ అపార్ట్‌మెంట్‌కు వచ్చేసరికి అతను ఆస్పత్రిలో ఉన్నాడు, మంచానికి బేడీతో. కావాలనే రోగం అంటించి ప్రాణం తీశాడని కంప్లయింట్. సాయంత్రం ఐదుకు రిమాండ్. అతనికి జ్వరం ఉందో లేదో తేల్చే టెస్ట్ రిజల్ట్ రెండు రోజులకు గానీ రాదు.

అతను ఏటి అవతలివాడు. వాళ్ళ తాతలు ఏరు దాటి వచ్చి డెబ్బై ఏళ్ళయినా ఆ పేరు పోలేదు. పోయిన నెలదాకా అతని సైకిల్ బెల్ వినపడితే ఈ జనమే సంచులు పట్టుకుని పరుగెత్తేవారు. ఇవాళ కర్రలు పట్టుకున్నారు.

“ఎప్పుడొచ్చాడు?” పెద్దావిడ కొడుకును అడిగింది.

“తొమ్మిదో తారీకు, సాయంత్రం ఆరింటికి.”

“ఎక్కడిదాకా?”

“మా గుమ్మం దాకా మేడమ్. అమ్మ చేతికే రొట్టె ఇచ్చాడు. మొహం మీదే దగ్గాడు. కళ్ళారా చూశాను.”

“నేనూ చూశానండీ,” అపార్ట్‌మెంట్ సెక్రటరీ అందుకున్నాడు. “వాళ్ళంతే. శుభ్రం లేదు, పాడూ లేదు.”

వాచ్‌మన్ నేలచూపులు చూస్తున్నాడు.

ఇన్‌స్పెక్టర్ కిందికి దిగింది. గేటంతా దుమ్ము. మధ్యలో ఒక కాగితం మేర మాత్రం శుభ్రంగా ఉంది. నాలుగు మూలలా టేపు ముక్కలు.

పదకొండూ పదికి ఆ కాగితం చెత్తడబ్బాలో దొరికింది. తర్వాత ఆమె వాచ్‌మన్‌ను పంపు రూములోకి పిలిచి పావుగంట మాట్లాడింది.

నాలుగింటికి అందరినీ హాల్లో కూర్చోబెట్టింది. ఎడం ఎడంగా కుర్చీలు. మాస్కుల పైన అన్నీ మర్యాదస్తుల కళ్ళే.

“ఇది పైకి చదవండి,” అంటూ సెక్రటరీకి ఎవిడెన్స్ కవర్ అందించింది.

అతను నీళ్ళు నమిలాడు. “ఏటి అవతలివాళ్ళు గేటు దాటి రారాదు. వాళ్ళ సరుకులు లోపలికి తేరాదు.”

“తేదీ?”

“మూడు.”

“మూడో తారీకు నుంచి గేటు దాటనివ్వని మనిషి తొమ్మిదో తారీకున మూడో అంతస్తుకి ఎలా వచ్చాడు? ఎగిరొచ్చాడా?”



“దాటలేదమ్మా,” వాచ్‌మన్ లేచాడు. “ఒక్కరోజు కూడా. నేనే వెనక్కి పంపేవాణ్ణి.”

“ఇంకోటి. ఏటి అవతలివాళ్ళలో మొదటి కేసు ఆరో తారీకున వచ్చింది. మీకు మూడునే ఎందుకంత తొందర?”

“రెండున ఈ అబ్బాయిగారు ఆఫీసు క్యాంపు నుంచి వచ్చారమ్మా,” కొడుకును చూపించాడు వాచ్‌మన్. “ జ్వరం మిషన్ నుదుటికి పెడితే నూట మూడు. మిషన్ పాడైంది, నోర్మూసుకో అన్నారు సెక్రటరీగారు. మర్నాడే గేటుకి ఈ కాగితం.”

“తెలిస్తే బిల్డింగ్ మొత్తానికి తాళం వేసేవాళ్ళు మేడమ్!” సెక్రటరీ గొంతు పెంచాడు. “జనం చూపు బయటికి తిప్పాలి కదా!”

కొడుకు మొహం కప్పుకున్నాడు. “నన్నేం చెప్పమంటారు? మా అమ్మకి నేనే అంటించానని చెప్పనా? అక్కయ్యలకి ఏ మొహం చూపించను?”

ఒక్క క్షణం ఆమెకు జాలి వేసింది. పిండి కలిపే ఆ కుడిచెయ్యి గుర్తొచ్చింది. జాలి పోయింది. మిగిలింది రోతే. వీళ్ళెవరికీ అతని మీద పగ లేదు. చేతికి అందిన మనిషి, అంతే.

నాలుగూ ముప్పై ఐదుకు ఆస్పత్రిలో కానిస్టేబుల్‌కు ఫోన్ చేసింది. “బేడీ తియ్. ఇప్పుడే.”

సెక్రటరీనీ, కొడుకునూ జీపు ఎక్కించమంది. కొట్టినవాళ్ళ పేర్లు రాసుకోమంది. గుమ్మం దాటబోతుంటే వెనక వరుసలోంచి రిటైర్డ్ హెడ్‌మాస్టర్ లేచాడు. మెత్తని గొంతు.

“అమ్మా, జరిగింది తప్పే. అయినా జాగ్రత్త మంచిది కదా. ఆ కాగితం మళ్ళీ అంటించుకోవచ్చా?”

ఆమె ఆగింది. నోటిదాకా వచ్చిన తిట్టును మింగింది.

“అంటించి చూడండి, మీకోసం కూడా జీపు వస్తుంది. ఒకవేళ అంటిస్తే, కింద కారణం కూడా రాయండి మాస్టారూ.”

“ఏమని?”

“మా బిల్డింగ్‌లో ఒకాయనకి జ్వరం వచ్చింది, అందుకని.”

హెడ్‌మాస్టర్ మాస్కు పైకి లాక్కుని కూర్చున్నాడు.