నాలుక చివరి తీపి

కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసే ఆ అమ్మాయి బేకరీలోకి వచ్చిన తీరు చూసి, గల్లా దగ్గర కూర్చున్న కేకు మాస్టరు మేనత్త పలకరింపును నోట్లోనే మింగేసింది. బయట చినుకులు పడుతున్నాయి. చేతిలో గొడుగున్నా తెరవకుండా తడుస్తూ వచ్చిందంటే, లోపల ఇంకెంత మండుతోందో మరి.

"మీ అబ్బాయి ఉన్నాడా అండీ?"

"ఎక్కడికి పోతాడమ్మా, సాయంత్రానికి పెళ్లికేకు ఇవ్వాలి. ఆ మొహం చూస్తే పోట్లాడ్డానికి వచ్చినట్టున్నావు. ఏదున్నా లోపలే కానివ్వండి తల్లీ, ఇక్కడైతే గిరాకీ బెదిరిపోతుంది."

లోపల కేకు మాస్టరు క్రీం గిలకొడుతున్నాడు. ఆమెను చూడగానే అతని మొహం వెలిగింది. ఆమె నవ్వకపోయేసరికి ఆ వెలుగు కాస్తా ఆరిపోయింది. ఆమె తన ఫోన్‌ను పిండి చల్లిన బల్ల మీద పెట్టింది.

పెళ్లిమాటలు జరిగిన రోజునే అతను తనకు షుగర్ ఉందని దాచకుండా చెప్పాడు. ఆ నిజాయితీకే ఆమె మనసు పడింది. ఒక్క షరతు మాత్రం పెట్టింది. ఏం తిన్నా యాప్‌లో రాయాలి, అది తనకూ కనబడాలి. అతను ఉడికించిన గుడ్డు, ఆకుకూర, జామముక్క అన్నీ రాసేవాడు. చివరికి దగ్గుబిళ్ల చప్పరించినా రాసేవాడు. "శభాష్, దగ్గు తగ్గిందా" అని ఆమె జవాబు పంపేది. డాక్టరు అతని చేతికి అతికించిన సెన్సర్ చూపే రక్తంలో చక్కెర గీత కూడా ఇద్దరి ఫోన్లలోనూ కనబడేది.

ఇప్పుడు ఆ గీతే గొడవ తెచ్చింది.

"పొద్దున టిఫిన్ తర్వాత ఇది దిగాలి కదా, ఎందుకు కొండెక్కుతోంది?"

"నాకూ తెలియట్లేదండీ. డాక్టరుగారికీ అర్థం కాలేదు."

"సెలవు రోజున బుద్ధిగానే ఉంటోంది. మీరు బేకరీకొచ్చిన రోజునే లేస్తోంది. దీనికి భూతద్దం కావాలా?"

"నేను అబద్ధం రాయలేదు."

"మా నాన్న కూడా ఈ మాటే అనేవారు."

ఆయన పోయాక బీరువా వెనక బిస్కెట్ పొట్లాలు దొరికాయని చెప్పింది. ఆయన్ను తీసుకుపోయింది చక్కెర కాదు, తమను నమ్మించడమేనని అమ్మ ఇప్పటికీ అంటుందట. సాయంత్రం ఇంటికెళ్లి, ఈ సంబంధం వద్దని అమ్మతో చెప్పేస్తానంది. ముందు అతనికి చెప్పడం మర్యాద అని వచ్చిందట.

తిననిదాన్ని తిన్నానని అతనెలా ఒప్పుకుంటాడు? అన్నీ దేవుడు చూస్తాడంటాం, నిజమే. అయినా ఆయన వచ్చి సాక్ష్యం చెప్పడు కదా. మనిషి నమ్మకాన్ని మనిషే సంపాదించుకోవాలని ఆయన ఉద్దేశమేమో, ఎవరికి తెలుసు?

"కాసేపు ఇక్కడే కూర్చోండి. నేనేం తింటానో మీ కళ్లతోనే చూసి, ఆ తర్వాత మీ ఇష్టం" అన్నాడు.

ఆమె చేతులు కట్టుకుని, పరీక్ష హాల్లో టీచరులా స్టూలు మీద కూర్చుంది. అతను పనిలో పడ్డాడు. కాసేపటికి ఆమె ఉన్న సంగతే మరిచిపోయాడు. పాకం పొయ్యి మీంచి దించాడు, వేలు ముంచి నాలుకకు తాకించాడు. చాక్లెట్ కరిగించాడు, మళ్లీ వేలు, మళ్లీ నాలుక. జాం, వెన్న, మళ్లీ పాకం. తనను ఉడికించడానికే చేస్తున్నాడనుకుంది ముందు. అతని మొహం చూస్తే అలాంటిదేమీ లేదు.

"ఇప్పుడేం తిన్నారు?"

"ఏమీ తినలేదే."

"మరి ఆ వేలు?"

"వేలా? అది రుచి చూడటం."

ఎంత అమాయకంగా అన్నాడంటే, ఆమెకు కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది. ఈ వంటగదిలోనే తండ్రి దగ్గర పని నేర్చుకున్నాడతను. రుచి చూడని సరుకు బయటికెళ్తే వీపు మోగేది. అతని లెక్కలో తినడమంటే పళ్లెం ముందు కూర్చోవడమే. మిగతాదంతా పనే.

ఆమె ఫోన్ అతని వైపు తిప్పింది. గీత పైకి లేస్తోంది.

అతను పిండిబస్తా మీద కూలబడ్డాడు.

"మీది అబద్ధం కాదు" అందామె, గొంతు తగ్గించి.

"అబద్ధమైతేనే నయం, మానేసేవాణ్ణి. ఇదెలా మానను? నాలుక ఆడితేనే నాకు పని. ఆడిస్తే మీకెన్నాళ్లు తోడుంటానో తెలియదు."

వాన రేకుల మీద దంచి కొడుతోంది. ఇంతలో మేనత్త బయటినుంచి, కేకు చెప్పిన పెళ్లివాళ్లు ఫోన్ చేస్తున్నారు, క్రీం అయిందా లేదా అని కేకేసింది.

అతను లేచాడు. అలవాటు చొప్పున వేలు గిన్నె దాకా వెళ్లి ఆగింది. కాసేపు ఆ వేలిని తనది కానట్టు చూసుకున్నాడు. కడిగిన చెంచాతో కొంచెం క్రీం తీసి ఆమెకు అందించాడు.

"మీరు చెప్పండి."

"నాన్న పోయాక నేను తీపి ముట్టలేదు."

"అయ్యో, వద్దులెండి." చెంచా దించబోయాడు.

ఆమె అతని మణికట్టు పట్టుకుని ఆపింది. చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఆ కళ్లు తెరుచుకునే దాకా అతను గిన్నె వైపు కూడా చూడలేదు.

"తీపి ఎక్కువైంది. కాస్త నిమ్మరసం పడాలి."

అతని క్రీంకు వంక పెట్టినవాళ్లు ఇంతవరకూ లేరు. ఒక్కసారి తనూ చూద్దామని నాలుక పీకింది. పళ్లు బిగబట్టి నిమ్మచెక్క పిండి, గిలకొట్టి, మరో చెంచా ఇచ్చాడు.

"ఇప్పుడు?"

"ఇప్పుడు బాగుంది."

తను రుచి చూడకుండా, ఆమె మాట మీద, అతను ఆ క్రీంను కేకంతా పరిచాడు. ఎక్కడా గీత పడలేదు.

"రేపెవరు చెబుతారు?" అన్నాడు తలెత్తకుండా.

"మా దుకాణం తీసేలోపు రోజూ వచ్చి చెప్పి వెళ్తాను. పెళ్లయ్యాక కలిసే వద్దాం."

గుమ్మం దగ్గర ఎప్పటినుంచి నిలబడిందో ఏమో, మేనత్త ముక్కు ఎగబీల్చింది. "మీ అమ్మ ఫోన్ చేసిందమ్మా, నువ్వేదో చెప్పాలన్నావట. ఏమని చెప్పను?"

ఆమె కొంగుతో పెదవి తుడుచుకుని చాక్లెట్ గిన్నె దగ్గరికి లాక్కుంది.

"ఆలస్యమవుతుందని చెప్పండి అత్తయ్యా. నాకిక్కడ ఇంకా పనుంది."