మూలన రాసిన వయసు

మల్లప్ప శవం అల్లం చేను గట్టు మీద దొరికింది. పక్కన పురుగుమందు డబ్బా. 1986 ఆగస్టు, మంగళవారం పొద్దున.

ముసలాయనకు డెబ్బై ఏళ్లు. తమ్ముడు సంగప్ప నేరుగా జహీరాబాద్ పోలీస్ స్టేషన్‌కు వచ్చి, అన్నకు మందు తాగించింది కొడుకేనని కంప్లెయింట్ ఇచ్చాడు. ముందురోజు సాయంత్రం తండ్రీకొడుకులు గొడవపడటం విన్నాడట. ఇక ఎంక్వైరీ ఎందుకు? ఊళ్లో అందరూ జడ్జిలే.

కొడుకు నర్సింలు బోల్టుల కార్ఖానాలో ఫిట్టర్. ఇరవై తొమ్మిదేళ్లవాడు. లాకప్‌లో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టర్ మదన్‌మోహన్ ఏం అడిగినా ఒక్కటే జవాబు.

"నేనే సంపిన సార్. రాసుకోన్రి."

చంపినవాడు ఇంత తొందరగా ఒప్పుకోవడం మదన్‌మోహన్‌కు నచ్చలేదు. ఇల్లు వెతికాడు. మల్లప్ప ట్రంకుపెట్టెలో, ధోవతుల అడుగున స్కానింగ్ ఫిల్మ్ దొరికింది. హైదరాబాద్‌లో తీసింది. మూలన పేరు, వయసు: నర్సింలు, 29.

కార్ఖానా డాక్టర్ జగన్‌మోహన్ ఆ ఫిల్మ్‌ను చూడగానే గుర్తుపట్టాడు. అది ప్రోస్టేట్ గ్రంథి. ఆ వయసులో ఉసిరికాయంత ఉండాలి. ఇక్కడ బాగా ఉబ్బింది, లోపల తెల్లటి చుక్కలు. కేన్సరే అయి ఉంటుందని, ఇక చేసేదేమీ లేదని సోమవారమే నర్సింలుకు చెప్పానన్నాడు.

మధ్యాహ్నానికి ఊరు మాట మార్చింది. కొడుకు చావు చూడలేక తండ్రి పోయాడట పాపం. సంగప్ప కూడా కళ్లు తుడుచుకున్నాడు. పొద్దున ఉరి తీయమన్నవాడే.

మదన్‌మోహన్ మళ్లీ ఆ ఇంటికి వెళ్లాడు. వాకిలి పక్కన నులకమంచం. మంచం కింద చెంబు, టార్చిలైటు. పొద్దుటినుంచి పోలీసులందరూ ఆ చెంబును దాటుకుంటూ తిరిగారు. ఆయన కూడా.

"ఇవి ఎవరివమ్మా?"

"మా మామయి సార్," అంది కోడలు అనంతమ్మ. "రాత్రి నాలుగైదుసార్లు ఒంటికి లేస్తుండె."

"నీ మొగుడు?"

"పండుకుంటే తెల్లారేదాంక కదలడు."

సాయంత్రం ఆరింటికి అందరినీ స్టేషన్‌కు పిలిపించాడు. నర్సింలును లాకప్‌లోంచి తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టారు.

"ఈ స్కానింగ్ నీది కాదు, మీ నాయనది. అవునా?"

నర్సింలు తల దించుకున్నాడు. తర్వాత అంతా చెప్పాడు. కార్ఖానా కార్డు మీద వైద్యం పనివాడికే, తల్లిదండ్రులకు లేదు. బయట చూపించే తాహతు లేదు. అందుకే కార్ఖానా చీటీలో తన పేరు, తన వయసు రాయించి తండ్రిని హైదరాబాద్ తీసుకుపోయాడు. అక్కడ చీటీలో ఉన్నదే ఫిల్మ్ మీదికి ఎక్కింది. ఆ ముసలి ముఖం చూసి వయసు దిద్దిన మహానుభావుడు ఒక్కడూ లేడు.

"సోమారం నాయనను బయట బల్ల మీద కూసోబెట్టి నేనొక్కన్నే లోపలికి పోయిన. తలుపు తీసే ఉండె. డాక్టర్ సాబ్ చెప్పింది నాయన అంత ఇన్నడు. నిజం చెప్త, పట్నంల పెద్ద దవాఖానకు పోదమన్న. చెప్తే నౌకరి పోతది, ఎట్లైన సచ్చేటోనికోసం ఎందుకు అని నాయన అన్నడు. దాని మీదనే లొల్లి అయ్యింది. నా నౌకరి కోసమే మందు తాగిండు, అంటే నేనే సంపినట్టు గద సార్."

సంగప్ప నేల చూశాడు.

మదన్‌మోహన్ ఫిల్మ్‌ను కిటికీ వెలుతురుకు పట్టి, మూలన ఉన్న పేరూ వయసూ బొటనవేలితో మూసేశాడు.

"డాక్టరుగారూ, ఇది డెబ్బై ఏళ్ల మనిషిది. ఇప్పుడు చెప్పండి."

జగన్‌మోహన్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"డెబ్బై ఏళ్లకైతే... ఇది మామూలే. వయసుతో మగవాళ్లలో చాలామందికి ఆ గ్రంథి ఇలాగే పెరుగుతుంది. ఆ చుక్కలూ వస్తాయి. రాత్రిళ్లు లేవడానికి కారణమూ అదే. దీంట్లో కేన్సర్ అనడానికి ఏమీ లేదు."

అనంతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"అంటే మా నాయనకు ఏం రోగం లేకుండెనా సార్?" అన్నాడు నర్సింలు.

"లేదు," అన్నాడు డాక్టర్.

మదన్‌మోహన్ హత్య కేసు మూసేస్తున్నానని, ఇంటికి వెళ్లొచ్చని చెప్పాడు.

నర్సింలు లేచాడు. గుమ్మం వైపు చూశాడు. వెనక్కి తిరిగి లాకప్‌లోకి వెళ్లి, పొద్దున కూర్చున్న చోటే కూర్చున్నాడు.

"ఇంటికాడ ఆ మంచం ఉంటది సార్," అన్నాడు. "నన్ను ఈడనే ఉంచున్రి."